మెదడు గడ్డలు, మూతపడిన జన్యువులు: యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం



1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు గారి పేరున మెదడు గడ్డల గురించి మాట్లాడటానికి కారణముంది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆ ఆమ్లం పనికి అడ్డుపడే అమినోప్టెరిన్ కూడా అక్కడిదే. దాన్ని రక్త క్యాన్సర్ పిల్లలకు ఇస్తే జబ్బు కొంతకాలం తగ్గుతోందని 1948లో సిడ్నీ ఫార్బర్ చూపించారు. ఆ ఏడే సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ మందు తోబుట్టువైన మెథోట్రెక్సేట్, మెదడులో పుట్టే లింఫోమాకు ఇవాళ్టికీ ప్రధాన మందు.

ఇంకో బంధం ఉంది. ఫోలేట్, అంటే శరీరంలోని ఫోలిక్ ఆమ్లం, మోసుకొచ్చే మిథైల్ గుంపులు శరీర రసాయనాల్లో చేతులు మారి, డీఎన్ఏ మీద కూడా చేరుతాయి. అలా చేరిన మిథైల్ గుర్తు జన్యువు అక్షరాలను మార్చదు, చాలాచోట్ల దాన్ని చదవనివ్వదు. తాళం వేసిన గదిలో సామాను ఎక్కడిదక్కడే ఉంటుంది, మనకు మాత్రం అందదు.

1926లో బెయిలీ, కుషింగ్ అనే వైద్యులు మైక్రోస్కోపు కింద కణాల రూపాన్ని బట్టి గ్లయోమాలనే మెదడు గడ్డలకు పేర్లు పెట్టారు. ఎనభై ఏళ్ల పాటు ఆ బాటే నడిచింది. ఒకే పేరున్న గడ్డతో ఒకరు ఏళ్లు బతకడం, ఇంకొకరు నెలల్లో పోవడం ఎందుకో మాత్రం తేలలేదు.

2005లో శాస్త్రవేత్త మోనికా హెగి బృందం ఒక ముడి విప్పింది. టెమోజోలమైడ్ మందు క్యాన్సర్ కణం డీఎన్ఏను దెబ్బతీస్తుంది. ఎంజీఎంటీ అనే జన్యువు తయారుచేసే ప్రోటీన్ ఆ దెబ్బను బాగుచేసేస్తుంది. గ్లయోబ్లాస్టోమా అనే మెదడు గడ్డలో ఈ జన్యువు మిథైల్ గుర్తుతో మూతపడితే, రేడియేషన్‌తో పాటు మందు తీసుకున్నవారి మధ్యగత ఆయుష్షు 21.7 నెలలు, రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిది 15.3. మూతపడనివారిలో వరుసగా 12.7, 11.8 నెలలు. అక్షరం మారని జన్యువు కూడా మందు పనితీరును నిర్ణయిస్తుందని ఈ అంకెలు చెబుతాయి. నా మటుకు ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే.

2008లో మరో వైపు నుంచి ఐడీహెచ్1 అనే జన్యువులో మార్పు బయటపడింది. ఆ జన్యువు తయారుచేసే ఎంజైమ్‌లో ఒక్క స్థానం, 132వది, మారితే 2-హైడ్రాక్సీగ్లుటరేట్ అనే పదార్థం కణంలో పేరుకుపోతుంది. మిథైల్ గుర్తులను తొలగించే దారి తెరిచే టెట్ ఎంజైములను అది అడ్డుకుంటుంది. ఆ ఎంజైముల పనిని 2009లో తేల్చింది మన దేశ మూలాలున్న అంజనా రావు గారి బృందమే. ఒక్క అక్షరం తప్పుతో జీనోమ్ నిండా మిథైల్ గుర్తులు పేరుకుంటాయని 2012లో రుజువైంది. అందుకే జన్యు మార్పును, జన్యువు మీది గుర్తును వేర్వేరు జబ్బులుగా చూడటం నాకు సరిగా తోచదు. 2012లోనే పిల్లల మెదడు గడ్డల్లో, డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్‌లోనే తప్పు దొరికింది.

2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గడ్డల పేర్లలోకి జన్యు మార్పులను చేర్చింది. 2021 వర్గీకరణ ప్రకారం ఐడీహెచ్ మార్పు ఉన్న పెద్దల గడ్డను గ్లయోబ్లాస్టోమా అనకూడదు. మిథైల్ గుర్తుల అమరికతోనే గడ్డను గుర్తుపట్టే పద్ధతి 2018లో వచ్చింది. దానితో సరిచూసినప్పుడు 12 శాతం దాకా నిర్ధారణలు మారాయి.

ఇక మన సంగతి. తర్రెం, బాసగూడ ఊళ్ల రోగి బీజాపూర్ మీదుగా జగదల్‌పూర్ వెళ్లినా, చెర్ల మీదుగా భద్రాచలం, ఆపైన హైదరాబాద్ వెళ్లినా, గడ్డ ముక్కను మైనం దిమ్మలో భద్రపరుస్తారు. ఐడీహెచ్1లో అన్నిటికన్నా తరచుగా కనిపించే మార్పును ఆ దిమ్మ నుంచి కోసిన పలుచటి పొర మీద యాంటీబాడీ రంగుతో గుర్తించవచ్చు. దానికి జన్యువు మొత్తం చదివే యంత్రం అక్కర్లేదు. ఊరి ఆరోగ్య కార్యకర్తలైన మితానిన్ అక్కలకు నా మనవి ఒకటే. పెద్దయ్యాక తొలిసారి ఫిట్స్ వచ్చినా, తెల్లవారుజామున తలనొప్పితో వాంతులవుతున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పంపండి. ఆపరేషన్ అయితే డిశ్చార్జి కాగితాలతో పాటు ఆ దిమ్మ ఎక్కడుందో, దాని నంబరెంతో రాయించిన చీటీని కూడా ఇంటికి తెప్పించండి.