ఊరి తోపులో క్లబ్బు భవనము కట్టవచ్చునా?

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మీ యెదుట ఒక సమస్య నుంచుచున్నాను. ఒక ఊరి చివర 2 ఎకరముల తోపు కలదనుకొందము. చింతలు, వేపలు, ఒక పెద్ద మర్రి అందున్నవి. మధ్యాహ్నమున పశువుల కాపరులు అక్కడ విశ్రమింతురు. బడి వదలిన పిల్లలు ఆడుకొందురు. సాయంకాలము వృద్ధులు చేరి కష్టసుఖములు చెప్పుకొందురు. ఆ ఊరి వర్తకులును, ఉద్యోగులును కొందరు కలసి ఒక క్లబ్బు స్థాపించి పంచాయతీకి అర్జీ పెట్టుకొనిరి. తోపులో 20 సెంట్లు 30 ఏండ్ల కౌలునకిచ్చినచో సొంత ఖర్చుతో భవనము కట్టుదురట; ఏటేట అద్దె చెల్లింతురట; తక్కిన తోపునకు కంచె వేసి కాపాడుదురట. ఈ అర్జీకి మీరేమి సమాధానము చెప్పుదురు?

అర్జీదారులను దుర్బుద్ధి గలవారని తలచుట న్యాయము కాదు. వారును మన ఊరివారే. వారి వాదములో బలము లేకపోలేదు. వీధి దీపములకు, మంచినీటి మోటారునకు, పారిశుద్ధ్య పనివారల వేతనములకు పంచాయతీ చేతిలో సొమ్ము చాలదు. తోపులో ముండ్లకంప పెరుగుచున్నది, చెత్త పోగగుచున్నది. ఈ స్థితిలో అద్దెయు, కాపలాయు వచ్చునన్నచో ఎవరికి ఆశ కలుగదు?

అయినను తొందరపడరాదు. మొదట నేలను గూర్చి ఆలోచింపుడు. 20 సెంట్లలో కట్టు భవనము 20 సెంట్లతో ఆగదు. వాహనములు వచ్చుటకు బాట వలయును. అవి నిలుచుటకు చోటు వలయును. మరుగుదొడ్లకు గొయ్యి వలయును. విద్యుత్తు తీగ అడ్డమైనచో కొమ్మలు నరకవలయును. పెద్ద చెట్టు వేళ్ళు దాని నీడను దాటి దూరముగా ప్రాకును. పునాదులకు కందకములు త్రవ్వినచో అవి తెగును. చుట్టును సిమెంటు పరచినచో వానకు నీరు, వేళ్ళకు గాలి అందవు. చెట్టు ఆనాడే కూలకపోవచ్చును. కొన్ని ఏండ్లకు ఎండును. అప్పుడు కారణము ఎవరికిని జ్ఞాపకముండదు.

తరువాత హక్కును గూర్చి ఆలోచింపుడు. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము, 1994, 58వ సెక్షను ననుసరించి, ప్రభుత్వ ఆధీనమున నుండి, ప్రత్యేకావసరమునకు కావలసినవి కాని మేత బీళ్ళు, కళ్ళములు, శ్మశానములు, పశువుల మందబయళ్ళు, బండి దారులు, తోపులు అను పోరంబోకులు గ్రామ పంచాయతీకి సంక్రమించును. సంక్రమించుట యనగా సభ్యుల సొంత ఆస్తి యగుట కాదు. ఊరి పక్షమున కాపాడు బాధ్యత మీపై పడుటయే.

ఇట్టి వివాదములు సుప్రీంకోర్టు వరకు వెళ్ళినవి. బెంగుళూరు రాజమహల్ విలాస్ విస్తరణలో ఉద్యానమునకై ప్రత్యేకించిన స్థలమును 1976లో ఒక ప్రైవేటు వైద్య ట్రస్టునకు ఆసుపత్రి కట్టుకొనుటకు కేటాయించిరి. అచ్చటి నివాసులు వ్యాజ్యము వేసిరి. ఆసుపత్రియు ప్రజలకు మేలు చేయునదే కదా యని ట్రస్టు వాదము. 1991లో సుప్రీంకోర్టు ఆ వాదము నంగీకరింపక, ఉద్యానమునకై ఉంచిన చోటును ప్రైవేటువారి కిచ్చుట చెల్లదని నిర్ణయించెను. లక్నోలోని ఝండేవాలా ఉద్యానము క్రింద నగరపాలక సంస్థ అనుమతితో ఒక భవన నిర్మాణ సంస్థ అంగళ్ళ సముదాయము కట్టసాగెను. కట్టడమును తొలగించి ఉద్యానమును పునరుద్ధరింపవలెనని 1999లో అదే న్యాయస్థానము ఆదేశించెను.

పల్లెలకు సంబంధించిన తీర్పు 2011 జనవరి 28న వచ్చెను. పంజాబు పాటియాలా జిల్లాలోని ఒక గ్రామమున చెరువు స్థలమును కొందరు ఆక్రమించి ఇండ్లు కట్టుకొనిరి. డబ్బు ఖర్చు పెట్టితిమనియు, చాల కాలముగా ఉన్నామనియు చెప్పి గ్రామపు ఉమ్మడి భూమిని నిలుపుకొనరాదని సుప్రీంకోర్టు పలికి, ఆక్రమణల తొలగింపునకు ప్రణాళికలు వేయవలెనని అన్ని రాష్ట్రములను ఆదేశించెను. బడి, వైద్యశాల వంటి ప్రజోపయోగ కట్టడము ముందే యున్న చోటును, భూమిలేని కూలీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి ప్రభుత్వము పట్టాలిచ్చిన చోటును మినహాయింపునకు తగినవిగా ఆ తీర్పే పేర్కొన్నది.

ఈ భేదమును గమనింపుడు. కట్టడమెల్ల చెడ్డది కాదు. తలుపు ఎవరికొఱకు తెరువబడునన్నదే ప్రశ్న. బడి ఊరి పిల్లలందరిది. క్లబ్బు చందా కట్టిన సభ్యులది. పెరడు గలవానికి పెరటి చెట్టు నీడ కలదు. ఒంటిగది యింటివానికి ఊరి తోపే పెరడు. అతడు క్లబ్బునకు చందా కట్టలేడు. పంచాయతీ కార్యాలయమునకు వచ్చి వాదింపలేడు. అతని పక్షమున మాట్లాడుటకే మీరెన్నుకొనబడితిరి.

కావున ఇట్టి అర్జీ వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు వేయుడు. రెవిన్యూ రికార్డులో ఈ భూమి ఏ పద్దు క్రింద నున్నది? భవనములోనికి ఊరిలోని ప్రతివాడు ప్రవేశింపగలడా? కౌలు తీరిన పిమ్మట చోటును ఎవరు, ఎట్లు తిరిగి స్వాధీనము చేసికొందురు? ఈ భవనమునకు మరియొక స్థలము దొరకదా? సమాధానములను వ్రాతమూలమున తీసికొని, గ్రామసభలో అందరికిని చదివి వినిపింపుడు. తోపును వాడుకొను కాపరులను, స్త్రీలను, కూలీలను పేరుపేరున పిలిపించి అడుగుడు. నలుగురు కూర్చుండి చేసికొన్న తీర్మానము ఊరి సమ్మతి కానేరదు.

ఇక నా అభిప్రాయము. తోపులో స్థలమీయరాదు. అట్లని అర్జీదారులను వట్టి చేతులతో పంపరాదు. ఊరిలో ప్రైవేటు స్థలము కొనుక్కొనుడని, నిబంధనల ప్రకారము కట్టడపు అనుమతిని ఆలస్యము లేక ఇత్తుమని చెప్పవలెను.

అంతటితో మన పని ముగియదు. కాదన్నవారికి కాపాడు బాధ్యత కూడ కలదు. తోపు హద్దులు కొలిపించి రాళ్ళు నాటింపుడు. ముండ్లకంప కొట్టించి, చెత్త తీయించి, చచ్చిన చెట్టుకు బదులు మొక్క నాటింపుడు. పాడుబడిన తోపును చూచియే పరులకు ఆశ పుట్టును. పదిమంది ప్రతిదినము కూర్చుండు తోపును అడుగుటకు ఎవరికిని నోరు రాదు.