నేలలోని చమురు – బావిలోని నీరు



కిరసనాయిలు డబ్బా ప్రక్కన బియ్యపు బస్తా నుంచరాదని ఇల్లు నడపు ప్రతి గృహిణికిని తెలియును. ఒక్క చుక్క ఒలికినను ఆ వాసన అన్నము వరకు వచ్చును. ఇంటిలో నింత జాగ్రత్త వహించు మానవుడే వేల లీటర్ల పెట్రోలును ఉక్కు తొట్లలో నింపి, నేలలో పాతి, పైన సిమెంటు పరచి, దశాబ్దముల పాటు మరచియుండెను. అగ్నిభయము వలన తొట్టిని పాతుట మంచిదే. కాని పైనున్న తొట్టి కారినచో చూచువారుందురు. పాతిన తొట్టి కారినచో చూచువారెవరు?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మోటారు బండ్లు పెరిగినకొలది ఇట్టి తొట్లు లక్షల సంఖ్యలో పాతిపెట్టబడినవి. పెక్కింటికి రక్షణపూత లేదు. తేమకు తుప్పుపట్టి సూదిబెజ్జములు పడినవి. గొట్టముల అతుకులు వదలినవి. 1984లో అచ్చట చట్టము పుట్టెను, 1988లో నిబంధనలు వెలువడెను. నాటినుండి నిర్ధారణయైన కారుటలు 5 లక్షలకు పైబడినవి.

పెట్రోలు నీటికంటె తేలిక. నేలలోనికి దిగి భూగర్భజలమును చేరి దానిపై తెట్టెవలె తేలును. తెట్టెతోనే పోయిన కొంత నయమే. అందలి బెంజీను మొదలగునవి నీటిలో కరగి, నీరు పారు దిక్కునకే మెల్లగా సాగిపోవును. బెంజీను రక్తకేన్సరును కలిగించునది. త్రాగునీటిలో నూరు కోట్ల పాళ్ళకు 5 పాళ్ళను మించరాదని అమెరికా నియమము. అదృష్టవశమున నేలలోని సూక్ష్మజీవులు బెంజీనును తినివేయును గనుక అది తరచు కొంత దూరము పోయి నిలిచిపోవును. ఎం.టి.బి.ఇ. అను రసాయనము అట్లు కాదు. పెట్రోలు చక్కగా మండి పొగ తగ్గుటకై కలిపిన ఈ ద్రవ్యము నీటిలో సులభముగా కరగును, మట్టికి అంటదు, త్వరగా చెడదు. గాలిని శుభ్రపరచబోయి నీటిని పాడుచేసిన ఉదాహరణములలో దీనికి అగ్రస్థాన మీయవచ్చును.

కాలిఫోర్నియాలోని శాంటా మోనికా నగరము దీని ఫలమనుభవించెను. 1995లో ఆ నగరపు చార్నాక్ బావులలో ఈ ద్రవ్యము కనబడెను. తరువాత దాని మోతాదు నూరు కోట్ల పాళ్ళకు 610 పాళ్ళ వరకు పెరిగెను. 20 మొదలు 40 పాళ్ళకే టర్పెంటైను వంటి వాసన నాలుకకును ముక్కునకును తెలియవచ్చును. 1996లో బావులు మూయబడెను. నగరపు నీటి సరఫరాలో సుమారు సగము పోయెను. సొంత బావులుండియు పురజనులు బయటినుండి నీరు కొనవలసి వచ్చెను.

ముందే కనిపెట్టుటెట్లు? మొదటి కావలి కొలకడ్డీ. బంకువారు తొట్టిలో కడ్డీ ముంచి మట్టము చూచి, వచ్చిన సరుకును అమ్మిన సరుకును లెక్క సరిచూతురు. తెలుగునాట రహదారుల ప్రక్కనున్న బంకులలోను ఈ కడ్డీ సుపరిచితమే. అమెరికా నిబంధనలలో నెలకు అమ్మకముపై నూటికి ఒక వంతు, ఆపైన 130 గ్యాలన్లు, అనగా దాదాపు 490 లీటర్లు, తేడా వచ్చినను సహింపబడును. నెలకు లక్ష లీటర్లు అమ్ముచోట 1,490 లీటర్ల తేడా వచ్చినను కడ్డీ నోరు మెదపదన్నమాట! కావుననే పరిశీలన బావులు అవసరమైనవి.

ఇవి త్రాగుటకు కాక, చూచుటకే త్రవ్వబడిన సన్నని గొట్టపుబావులు. కనీసము మూడింటి నీటిమట్టములను ఒకే ఆధారరేఖ నుండి కొలిచినగాని నీరు ఏ దిక్కునకు పారుచున్నదో తేలదు. ఒకటి తొట్టికి ఎగువను, తక్కినవి దిగువను ఉండవలెను. ఎగువ బావి లేనిచో దోషము ఈ తొట్టిదో, పొరుగువానిదో తేల్చుట కష్టము. గొట్టములో నిలిచిన పాత నీటిని సాధారణముగా ముందు తోడివేసి, క్రొత్తగా ఊరిన నీటిని చిన్న గాజుసీసాలో గాలిబుడగ లేకుండ నింపి, మంచులోనుంచి పరీక్షాశాలకు పంపుదురు. బుడగ మిగిలిన బెంజీను అందులోనికి ఎగిరి, నీరు నిర్దోషమైనట్లు అబద్ధపు సాక్ష్యము చెప్పును. ఒక్కసారి చూచి ఊరకుండుటయు చాలదు. వర్షాకాలములో మట్టము పెరుగును, వేసవిలో తగ్గును, అంకెలు మారును.

భారతదేశమున కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో క్రొత్త పెట్రోలు బంకులు పాఠశాలలకు, ఆసుపత్రులకు, నివాసములకు 50 మీటర్ల దూరమున ఉండవలెనని మార్గదర్శకములు వెలువరించెను. అది నేలపై టేపుతో కొలుచు దూరము. బోరుబావి మోటారు నడచినపుడు నీరు దానివైపు తిరుగును. ఆ నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నదో టేపు చెప్పజాలదు.

కాలిఫోర్నియాలో 2003 చివరికి ఎం.టి.బి.ఇ. వాడుక నిషిద్ధమైనది. చమురు సంస్థలతో వ్యాజ్యములు నడచి నగరమునకు రాజీ సొమ్ము ముట్టెను. శుద్ధి యంత్రాగారము నిర్మింపబడెను. 1996లో ఆగిన చార్నాక్ నీరు బొగ్గు వడపోతల గుండా నడచి మరల కొళాయిలకు చేరుటకు దాదాపు 15 ఏండ్లు పట్టెను.