పంటి బిగువు సడలించుకుందాం

(రాంనగర్‌లో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



షుగరు గురించి, మోకాళ్ల నొప్పుల గురించి ఇదివరకు డాక్టర్లు వచ్చి చెప్పారు. ఈసారి నన్ను మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను. 1973 నుంచి 2009 వరకు, 36 ఏళ్లు ఫైళ్లు మోసిన గుమాస్తాను. అయితే ఈ బాధలో నా సర్వీసు అంతకంటే ఎక్కువ. ఈ వేదిక మీద నిలబడడానికి అదే నా అర్హత.

విషయం పళ్లు కొరకడం. నిద్రలో పళ్లు నూరడం ఒక రకం. మెలకువగా ఉన్నప్పుడు తెలియకుండానే దవడలు బిగించి ఉంచడం రెండో రకం. రెండింటినీ కలిపి వైద్యులు బ్రక్సిజం అంటారు.

1977లో నాకు పెళ్లయింది. కాపురానికి వచ్చిన కొత్తలోనే మా ఇంటావిడ, "రాత్రంతా పళ్లు నూరుతున్నారు, ఎవరి మీదండీ అంత కోపం?" అని అడిగింది. "మా సూపరింటెండెంటు మీద" అని నవ్వేశాను. కడుపులో నులిపురుగులేమోనని మా అత్తగారు మందు కూడా ఇప్పించారు. మార్చి నెలాఖరు బిల్లుల రోజుల్లో చప్పుడు మరీ ఎక్కువగా ఉంటుందని మా ఆవిడ చెప్పేది. నేను పట్టించుకోలేదు. 2019లో ఆమె కాలం చేసింది.

2022లో నాకు కుడి చెవి ముందు భాగంలో నొప్పి మొదలైంది. పొద్దున లేవగానే కణతలు పట్టేసినట్లుండేవి. నోరు పూర్తిగా తెరుచుకునేది కాదు. చెవిపోటు అనుకుని చుక్కల మందు వేసుకున్నాను. కళ్లజోడు మార్పించాను. చివరకు ఒకచోట దవడ పన్ను పీకించుకున్నాను. పన్ను పోయింది గాని నొప్పి పోలేదు.

తరువాత ఇంకొక దంతవైద్యురాలి దగ్గరకు వెళ్లాను. చిన్న వయసు అమ్మాయి. నా పళ్ల కొసలు బల్లపరుపుగా అరిగిపోయాయని, నాలుక అంచున పళ్ల అచ్చులు పడ్డాయని, బుగ్గ లోపల తెల్లటి గీత ఉందని అద్దంలో చూపించింది. చెవి ముందు, బుగ్గ మీద వేళ్లతో నొక్కింది. ప్రాణం విలవిలలాడింది. అప్పుడు అడిగింది, "తాతగారూ, మీ గదిలో ఎవరు పడుకుంటారు?" అని.

"ఎవరూ లేరమ్మా" అన్నాను. అనగానే గుర్తొచ్చింది. 42 ఏళ్లపాటు ఒక మనిషి నాకు రిపోర్టు ఇస్తూనే ఉంది. నేనే ఆ కాగితం చూడకుండా పక్కన పెట్టేశాను.

సంక్రాంతి సెలవులకు వచ్చిన మా మనవడు నా పక్కన పడుకుని, "తాతయ్యా, రాత్రంతా ఏదో కరకర నములుతున్నావు" అన్నాడు. తన ఫోనులో రికార్డు చేసి వినిపించాడు కూడా. రోలులో గులకరాళ్లు వేసి నూరినట్లుంది. ఆ చప్పుడు పక్కనే వింటూ మా ఆవిడ ఒక్క రాత్రి కూడా వేరే గదిలో పడుకోలేదు.

ఇక నేను తెలుసుకున్న సంగతులు. పిల్లల్లో ఇది ఎక్కువగానే కనిపిస్తుంది, పెరిగేకొద్దీ సాధారణంగా తగ్గుతుంది. మనవలు పళ్లు కొరికితే కోప్పడకండి. నులిపురుగులే కారణమనడానికి తగిన ఆధారం లేదు. పళ్ల వరుస సరిగా లేకపోవడమే కారణమని ఒకప్పుడు అనుకునేవారు. ఇప్పుడు నిద్రలో మెదడుకు కలిగే చిన్న చిన్న మెలకువలతో దీనికి సంబంధం ఉందని చెబుతున్నారు. ఆందోళన, పొగాకు, మద్యం, కాఫీ, టీలు దీన్ని పెంచవచ్చు. దిగులుకు వాడే కొన్ని మందుల వల్ల కూడా రావచ్చు. అలాగని మందు మీ అంతట మీరు మానకండి, రాసిచ్చిన డాక్టరుతో చెప్పండి. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్లయ్యేవారిలోనూ ఇది కనిపిస్తుంది. వారు గురకకు తప్పక పరీక్ష చేయించుకోవాలి.

2018లో పలు దేశాల నిపుణులు కలిసి ఒక మాట చెప్పారు. ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్న మనిషిలో దీన్ని జబ్బుగా కాక దవడ కండరాల పనిగా చూడాలన్నారు. అంటే పళ్లు కొరికే ప్రతివారికీ వైద్యం అక్కరలేదు. పళ్లు అరుగుతున్నా, విరుగుతున్నా, నొప్పి ఉన్నా అశ్రద్ధ పనికిరాదు.

ఇప్పుడు ఒక్క నిమిషం కదలకుండా కూర్చుని చూసుకోండి. మీ పైపళ్లు, కిందపళ్లు ఆనుకుని ఉన్నాయా? ఉంటే అదే దవడ బిగింపు. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పళ్లు ఒకదానికొకటి తగలనవసరం లేదు. పెదవులు కలిసి ఉండాలి, పళ్లు విడిగా ఉండాలి, నాలుక కొస పైపళ్ల వెనుక అంగిలికి తేలిగ్గా ఆనాలి. నాకు డాక్టరమ్మ నేర్పిన మొదటి మందు ఇదే. ఖర్చు లేదు.

మరిచిపోకుండా ఎర్ర బొట్టుబిళ్లలు తెచ్చి క్యాలెండరు మీద, టీవీ రిమోట్ మీద, పాసుబుక్కు అట్ట మీద అంటించాను. బొట్టు కనపడినప్పుడల్లా దవడ వదులు చేస్తాను. దానితో నా గుట్టు నాకే తెలిసింది. రాంనగర్ గుండు దగ్గర రోడ్డు దాటేటప్పుడు బిగిస్తాను. టీవీలో వాదనలు చూస్తూ బిగిస్తాను. డి.ఆర్. లెక్కలు వేసేటప్పుడు సరేసరి!

నొప్పి ఉన్న రోజుల్లో వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలును చర్మం కాలకుండా చూసుకుని పది నిమిషాలు బుగ్గలకు కాపడం పెట్టాలి. జంతికలు, చెరకు ముక్కలు, వక్కలు మానేసి మెత్తని ఆహారం తినాలి. ఆవులించేటప్పుడు గడ్డం కింద చెయ్యి ఆనించుకోవాలి. సాయంత్రం తరువాత కాఫీ వద్దు. నేను రాత్రి పది గంటల వార్తలు కూడా మానేశాను.

రాత్రి పెట్టుకునే తొడుగు ఒకటి ఉంది. నైట్ గార్డ్ అంటారు. దంతవైద్యులు నోటి కొలత తీసుకుని చేస్తారు. అది పళ్లను అరగకుండా కాపాడుతుంది గాని అలవాటును మాన్పించదు. గురక, ఊపిరి ఆగడం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. కారణం తేలకుండా పన్ను పీకించుకోవడానికి, మంచి పళ్లను అరగదీయించుకోవడానికి తొందరపడకండి. నా పన్ను ఎలాగూ తిరిగి రాదు, మీవైనా నిలవాలి. ప్రైవేటు ఖర్చు భరించలేనివారికి అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

మన వయసువారు మరో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. నడిచినా మెట్లెక్కినా దవడ నొప్పి వచ్చి, ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండెపోటు కావచ్చు. ఏభై దాటినవారికి నమిలేటప్పుడు దవడ నొప్పి, కణతల దగ్గర కొత్తగా తలనొప్పి, చూపు మసకబారడం కలిసి వస్తే కణత రక్తనాళపు వాపు కావచ్చు. ఆలస్యమైతే చూపు పోవచ్చు. ఈ రెండింటిలో ఏది వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మన భాషలో "పంటి బిగువున భరించాడు" అని మెచ్చుకోలుగా అంటాం. మనమంతా అలాగే సర్వీసు చేశాం. అధికారి మాట అంటే పళ్లు బిగించాం, ప్రమోషన్ రాకపోతే పళ్లు బిగించాం, పిల్లల ఫీజులు కట్టలేనప్పుడూ పళ్లు బిగించాం. దవడ కండరానికి రిటైర్మెంటు ఆర్డరు ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు మనమే ఇవ్వాలి.

నాకిప్పుడు నొప్పి చాలావరకు తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను. మనవడు రికార్డు చేసినది మాత్రం తీసివేయకుండా ఉంచాను.

ఇంటికి వెళ్లాక మీ పక్కన పడుకునే మనిషిని అడగండి, "నేను రాత్రి పళ్లు కొరుకుతున్నానా?" అని. చెప్పేవారు ఉన్నప్పుడే అడగాలి, చెబితే వినాలి. ఒంటరిగా ఉన్నవారు పొద్దున లేవగానే మూడు వేళ్లు నిలువుగా నోట్లో పడుతున్నాయో లేదో చూసుకోండి, దవడ పట్టేసిందేమో గమనించండి.