ఆంగ్ల వాక్యంలో ‘నేను’

ఒకరు పలికిన మాటను మరొకరికి చేరవేయడం మనం నిత్యం చేసే పని. ఇంటిలోను, బజారులోను, కచేరీలోను, బొగ్గుబాయిలోను మన సంభాషణలో ఎంతో భాగం ఇటువంటిదే. ‘ఆయన ఇట్లా అన్నాడు, నేను అట్లా అన్నాను’ అని చెప్పుకోకుండా దినం గడవదు. ఈ పనికి తెలుగులో ‘అని’ అనే చిన్న మాట చాలును. ఇంగ్లీషులో ‘దట్’ అనే మాట దానికి సమానమని బడిలో నేర్చుకుంటాము. పైకి సమానంగా కనిపించినా ఈ రెండింటి స్వభావం వేరు. తెలుగువారు ఇంగ్లీషు వ్రాసేటప్పుడు దొర్లే దోషాలు అనేకం ఈ భేదంనుంచే పుట్టుతున్నవి. ఆ దోషం ఒక్కొక్కప్పుడు వ్యాకరణంతో ఆగక, మనిషి బాధ్యతనే తారుమారు చేస్తుంది. కనుక ఈ విషయాన్ని కొంచెం నిదానంగా పరిశీలిద్దాం.

ముందు మన భాషను చూద్దాం. ‘రాముడు వస్తానన్నాడు’ అనే వాక్యంలో కర్త రాముడు. ‘అన్నాడు’ అనే క్రియ అతనికి తగినట్లే ప్రథమపురుషలో ఉన్నది. కాని ‘వస్తాను’ అనేది ఉత్తమపురుష. అంటే రాముని నోటిమాట చెక్కుచెదరకుండా మన వాక్యంలోకి వచ్చి కూర్చున్నదన్నమాట. పలికినవాని పురుషను, పలికిన వేళనున్న కాలాన్ని ‘అని’ అట్లాగే కాపాడుతుంది. సంస్కృతంలో ‘ఇతి’, కన్నడంలో ‘ఎందు’, తమిళంలో ‘ఎన్ఱు’ చేసే పని కూడా ఇటువంటిదే.

రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో ఈ అలవాటుకు మరొక బలం చేరింది. బొగ్గుగనుల మూలంగా అక్కడ పలు జిల్లాలవారు, ఉత్తరాదివారు కలిసి జీవిస్తున్నారు. ‘బాపు రేపు వస్త అన్నడు’ అనే తెలుగు మాట పక్కనే ‘ఉస్‌నే కహా కి మై ఆవూంగా’ అనే హిందీ మాట వినిపిస్తుంది. నిజాం రాజ్యంలో 1948 వరకు రాజభాషగా ఉండిన ఉర్దూ తీరు కూడా ఇదే. ‘కి’ తరువాత అన్నవాని ‘మై’ మారకుండా నిలుస్తుంది. ఇంటి భాష, బజారు భాష రెండూ ఒకే దారి చూపుతూ ఉంటే, ఇంగ్లీషు వేరొక దారిన నడుస్తుందని పిల్లలకు ఎట్లా తోస్తుంది?

ఆ వేరొక దారి ఏది? ఇంగ్లీషులో ‘ఐ’ అనే మాట వాక్యం చెప్పేవానిది, లేదా కలం పట్టినవానిది. ఇతరుల ‘నేను’ను అట్లాగే చెప్పదలిస్తే, వారి మాటను ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉంచవలెను. ఆ చిహ్నాలు తీసివేసి ‘దట్’ పెట్టిన మరుక్షణం ఆ ‘నేను’ వ్రాసేవాని సొత్తు అవుతుంది. అందుచేత ‘బాపు రేపు వస్త అన్నడు’ అనే మాట ఇంగ్లీషులో ‘ఫాదర్ సెడ్ దట్ హీ వుడ్ కమ్ టుమారో’ అవుతుంది. ‘దట్ ఐ విల్ కమ్’ అని వ్రాస్తే, వచ్చేది తండ్రి కాదు, ఉత్తరం వ్రాసిన కొడుకు.

గనిలో ఇది ఎంత బరువైన విషయమో ఒక ఉదాహరణతో తెలుస్తుంది. పని మొదలుకాక ముందు సర్దారు తన పరిధిలోని పని స్థలాలను పరీక్షించి, పుటల సంఖ్యలు వేసిన పుస్తకంలో నివేదిక వ్రాసి, తేదీతో సంతకం చేయవలెనని గనుల నిబంధనలు చెప్పుతున్నవి. ఒక షిఫ్టువారు దిగిపోతూ తరువాతి షిఫ్టువారికి మాట అప్పగిస్తారు. ఇప్పుడు ఒక కార్మికుడు ‘నేను కప్పు పరీక్షించానని సర్దారు చెప్పాడు’ అన్నాడనుకుందాం. పరీక్షించినది ఎవరు? తెలుగులోనే దీనికి రెండర్థాలున్నవి. సర్దారు తన సంగతి చెప్పి ఉండవచ్చును. కార్మికుని సంగతి చెప్పి ఉండవచ్చును. ముఖాముఖి మాటలో సందర్భం, కంఠస్వరం సందేహం తీర్చుతవి. కాగితం మీద అవి ఉండవు. ‘ది సర్దార్ సెడ్ దట్ హీ హాడ్ ఎగ్జామిన్డ్ ది రూఫ్’ అంటే బాధ్యత సర్దారుది. ‘దట్ ఐ హాడ్ ఎగ్జామిన్డ్ ది రూఫ్’ అంటే, కప్పు చూసినవాడు కార్మికుడేనని సర్దారు అన్నట్లు అవుతుంది. మారినది ఒక్క చిన్న పదమే. మారిన అర్థం కొండంత.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొరబడి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఏ గనిలో ఏ ప్రమాదం జరిగినా, ఎవరు చూశారు, ఎవరు ఎవరికి చెప్పారు, ఎప్పుడు చెప్పారు అనే ప్రశ్నలు తప్పవు. వాటికి ఇచ్చే సమాధానంలో ‘నేను’ ఎవరో స్పష్టంగా ఉండవలెను.

ఈ చిక్కు విప్పే సాధనాలు రెండు మన తెలుగులోనే ఉన్నవి. ఒకటి ‘తాను’. వాక్యంలోని ‘నేను’ స్థానంలో ‘తాను’ పెట్టి చూడండి. ‘తాను కప్పు పరీక్షించానని సర్దారు చెప్పాడు’ అన్నప్పుడు మన ఉద్దేశం చెడకపోతే, ఇంగ్లీషులో ‘హీ’ వ్రాయవలెను. రెండవది ‘అట్లు’. ‘నేను కప్పు పరీక్షించినట్లు సర్దారు చెప్పాడు’ అన్నదే మన భావమైతే, అక్కడ ‘ఐ’ వ్రాయవలెను. ఇంగ్లీషు వాక్యం కట్టే ముందు మనసులోని తెలుగు వాక్యాన్ని ఈ విధంగా సరిచేసుకుంటే సగం శ్రమ తీరుతుంది.

మిగిలిన సగం కాలానికి సంబంధించినది. చెప్పినవాడూ మనమే, చెప్పిన సంగతీ మనదే అయినప్పుడు ‘ఐ’ విషయంలో పేచీ లేదు. అయినా తప్పు దొర్లుతుంది. ‘నాకు ఒంట్లో బాగాలేదని ఓవర్‌మన్‌తో చెప్పాను’ అనే వాక్యంలో ‘బాగాలేదు’ అన్నది చెప్పిన నాటి వర్తమానం. మనవారు దానిని ‘ఐ టోల్డ్ ది ఓవర్‌మన్ దట్ ఐ యామ్ అన్‌వెల్’ అని వ్రాస్తారు. సోమవారం చెప్పిన మాటను గురించి గురువారం ఉత్తరం వ్రాస్తే, చదివే అధికారి ఈ మనిషికి ఇప్పటికీ జబ్బు తగ్గలేదని భావిస్తాడు. ‘దట్ ఐ వాజ్ అన్‌వెల్’ అంటే ఆ సోమవారం బాగాలేదని. ‘దట్ ఐ హాడ్ బీన్ అన్‌వెల్’ అంటే సోమవారానికి ముందే జబ్బుపడ్డానని. సెలవు ఏ దినాలకు కోరుతున్నారో ఈ మూడు రూపాలే తేల్చుతవి.

సూత్రం చిన్నదే. ‘సెడ్’, ‘టోల్డ్’, ‘థాట్’ వంటి క్రియ భూతకాలంలో ఉంటే, దాని వెంట వచ్చే క్రియ కూడా ఒక అడుగు వెనుకకు జరుగుతుంది. ‘యామ్’ అన్నది ‘వాజ్’ అవుతుంది. ‘విల్’ అన్నది ‘వుడ్’, ‘కెన్’ అన్నది ‘కుడ్’ అవుతవి. జరిగిపోయిన పనికి ‘హాడ్’ తోడవుతుంది. ‘వస్తానని చెప్పాను’ అంటే ‘ఐ సెడ్ దట్ ఐ వుడ్ కమ్’. ‘నాది పొరపాటు కాదనుకున్నాను’ అంటే ‘ఐ థాట్ దట్ ఐ వాజ్ నాట్ ఎట్ ఫాల్ట్’.

ఈ సూత్రానికి సడలింపులు లేకపోలేదు. ఇప్పటికీ నిజమైన సంగతిని వర్తమానంలోనే ఉంచవచ్చును. ‘ఐ టోల్డ్ హిమ్ దట్ ఐ లివ్ ఇన్ గోదావరిఖని’ అన్నవాడు నేటికీ అక్కడే ఉన్నాడన్నమాట. మీథేన్ వాయువు గాలికంటె తేలిక అని శిక్షకుడు చెప్పినప్పుడు ‘ఈజ్ లైటర్’ అనడమే సహజం. సంవత్సరం పేర్కొన్నప్పుడు ‘హాడ్’ అవసరం లేదు. సింగరేణి కంపెనీ 1920లో ఏర్పడిందని ఉపాధ్యాయుడు చెప్పాడనే వాక్యంలో ‘వాజ్ ఫౌండెడ్’ చాలును. ఇందులోని కీలకం ఒకటే. వర్తమానం వాడినవాడు ఆ మాటకు తానుకూడా పూచీ పడుతున్నాడు. భూతకాలం వాడినవాడు అన్నవారి మాటను అన్నట్లు అప్పగించి, తాను పక్కకు తప్పుకుంటాడు.

బడిలో ఈ పాఠాన్ని ప్రత్యక్షము, పరోక్షము అని రెండు గళ్లలో వ్రాయించి మార్కులు వేస్తారు. పిల్లవాడు గడి మార్చడం నేర్చుకుంటాడు. కారణం మాత్రం తెలియదు. మన ‘అని’ ఎట్లా పనిచేస్తుందో ముందు చూపించి, ఆ తరువాత ‘దట్’ దగ్గరకు తీసుకొనిపోతే ఆ కారణం తనంతట తానే బోధపడుతుంది. సెలవు చీటీ అయినా, ఉద్యోగానికి పెట్టుకొనే అర్జీ అయినా, విచారణలో ఇచ్చే వాఙ్మూలమైనా, సంతకం పెట్టే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. ఈ ‘ఐ’ ఎవరు? ఈ మాట ఏనాటిది? రెండింటికీ కాగితమే జవాబు చెప్పగలిగితే, మనం వెంట ఉండి వివరించవలసిన పని ఉండదు.