కుజునకును మనకును గల చుట్టఱికము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను పండితుడను గాను. గ్రామపు లెక్కలు వ్రాసికొనువాడను. విస్తీర్ణములు, శిస్తులు, జననమరణముల రిజిస్టరు, ఇవియే నా విద్య. సంస్కృతాంధ్రములందు నాకు గల కొలదిపాటి పరిచయము గురుముఖమున వచ్చినది కాదు. మా పితామహుల పెట్టెలోని పాత పుస్తకములును, తరువాత ఈ గ్రంథాలయపు బీరువాలును పెట్టిన భిక్ష అది. ఇందు తప్పులుండిన నావి, ఒప్పులుండిన పుస్తకములవి.

జ్యోతిషమును గూర్చి మాటలాడుమనిరి. అందులకు కారణము మీలో పలువురకు తెలియును. ఇరువదియేండ్లకు పైగా నేను ఈ చుట్టుప్రక్కల పల్లెలవారికి జాతకములు వ్రాసితిని. 2014లో మానితిని. ఎందుకు మానితినో నేటివఱకు ఎవరికిని చెప్పలేదు. ఈ గ్రంథాలయములో నిలువబడి దాచుట నాకు తగదని తోచినది.

మొదట నాకీ పిచ్చి యెట్లు పట్టెనో చెప్పెదను. 1980 ఫిబ్రవరి 16వ తేదీన సూర్యగ్రహణము పట్టినది. రాయచూరు, మహబూబ్‌నగరు, నల్లగొండ సీమలలో సంపూర్ణముగను, మన మదనపల్లె ప్రాంతమున పాక్షికముగను కనబడినది. నేనప్పటికి పదేండ్ల బాలుడను. మధ్యాహ్నమునకే వీథులు నిర్మానుష్యములైనవి. ఊరగాయ జాడీల మీద, నీళ్ల బిందెల మీద దర్భలు వేసి, మమ్ములను లోపల నుంచి తలుపులు మూసిరి. మా యింటి పైకప్పున పెంకుల నడుమ ఒక సన్నని కంత యుండెను. అందులోనుండి పడుచున్న ఎండ ప్రతిదినము నేలమీద గుండ్రని కాసువలె నుండెడిది. ఆనాడు అది నెలవంక ఆకారమైనది! లోపల దాగియుండగనే ఆకాశమంతయు మా మట్టినేల మీదికి దిగివచ్చినది. పంచాంగమున వ్రాసిన వేళకే అది మొదలైనది, ఆ వేళకే విడిచినది. తలుపు మూయించిన భయము సత్యమో, వేళ చెప్పిన లెక్క సత్యమో ఆనాడు నాకు తెలియలేదు. రెండును ఒకే పుస్తకములో నున్నవి గదా యని ఆశ్చర్యము మాత్రము కలిగినది.

పెద్దవాడనైన పిమ్మట తెలిసినది. మన జ్యోతిశ్శాస్త్రమున గణితము వేఱు, ఫలము వేఱు. క్రీస్తుశకము 499 నాటి ఆర్యభటీయమున ఆర్యభటుడు భూమి తన చుట్టు తాను తిరుగుచున్నదనియు, గ్రహణములు నీడల వలన కలుగుననియు చెప్పెను. వరాహమిహిరుడును బృహత్సంహితయందు గ్రహణమునకు కారణము నీడయే యని ఒప్పుకొనెను. ఆయనయే మఱల బృహజ్జాతకము వ్రాసెను. ఒక చేత లెక్క, ఒక చేత నమ్మకము. అంతటివానికే ఆ రెండు చేతులును కలియనప్పుడు మా వంటి వారి మాట చెప్పనేల?

లెక్కచేయి పట్టుకొని నడచినవారు మన సీమలో లేకపోలేదు. 1868 ఆగస్టు 18వ తేదీనాటి సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకై ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు మన గుంటూరునకు వచ్చెను. మచిలీపట్టణమున మద్రాసు వేధశాలాధిపతి పోగ్సన్ కూర్చుండెను. అదే వేధశాలలో పనిచేయు చింతామణి రఘునాథాచార్యులు వనపర్తిలో నుండిరి. నాటి పరిశీలకులకు సూర్యుని అంచున లేచిన జ్వాలల కాంతిలో ఒక పసుపుపచ్చని గీత కనబడెను. భూమిమీద తెలిసిన ఏ పదార్థమునకును ఆ గీత సరిపోలేదు. లాకియర్ మున్నగువారు అది క్రొత్త మూలకమని ఊహించి, గ్రీకు భాషలో సూర్యుని పేరనే దానికి హీలియమని పేరిడిరి. ఇరువదియేడేండ్లకు, 1895లో, రామ్సే అను నాతడు దానిని భూమిమీది యొక ఖనిజములో కనుగొనెను. సూర్యునియందున్నది మన కాళ్లక్రింది రాతిలోనూ ఉన్నదన్నమాట. ఆ రఘునాథాచార్యులవారే ఆకాశమున కనబడుదానితో పంచాంగము సరిపోవలెనని పట్టుబట్టి, దృగ్గణితమునకై జీవితాంతము పోరాడిరి. పంచాంగములు దిద్దుకొనుట పాపమని వాదించినవారు నాడును ఉండిరి.

1962 ఫిబ్రవరిలో మకరరాశియందు అష్టగ్రహకూటమి కలిగినప్పుడు ప్రళయము వచ్చునని దేశమంతయు హోమములు జరిగినవట. మా తండ్రిగారు చెప్పి నవ్వుచుండిరి. ప్రళయము రాలేదు. హోమముల వలననే రాలేదనిరట! ఈ వాదమునకు ఉత్తరము లేదు.

ఇక మన మదనపల్లె మాట. జిడ్డు కృష్ణమూర్తిగారు 1895లో మదనపల్లెలో జన్మించిరి. అర్ధరాత్రి దాటిన అరగంటకు కలిగిన జననమగుటచే, సూర్యోదయము మొదలు దినము లెక్కించు మన పద్ధతిని మే 11, ఆంగ్ల పద్ధతిని మే 12. ఆ శిశువు మహాపురుషుడగునని ఆ సీమలో పేరుపొందిన యొక జ్యోతిష్కులు చెప్పిరట. "మఱి అది నిజము కాలేదా?" యని నన్ను పలువురు అడిగిరి. అయ్యా, ఒక మాట. నేను వ్రాసిన జాతకములలో సగమింటికి పైగా "మహాజాతకుడు", "రాజయోగము" అని వ్రాసితిని. తల్లిదండ్రులు సంతోషింతురు, నాకును తాంబూలము ముట్టును. వారిలో ఒకడు గొప్పవాడైన నా పేరు నిలుచును. మిగిలినవారిని ఎవడు లెక్కపెట్టును? జమ మాత్రమే వ్రాసి ఖర్చు వ్రాయని చిట్టాను ఏ తనిఖీదారుడును ఒప్పుకొనడు. అదిగాక, ఆ కృష్ణమూర్తిగారే తనను జగద్గురువును చేయుటకై నక్షత్రము పేర ఏర్పఱచిన సంఘమును 1929లో తన నోటితోనే రద్దుచేసిరి. ఇతరులు ముందుగ వ్రాసిపెట్టిన దారిని నడువనని చెప్పుట ఏ గ్రహఫలమో నాకు తెలియదు.

కుజదోషమునకు వచ్చెదను. మన పల్లెలలో ఆడపిల్లల నుసురు తీయునది ఇదియే. లగ్నమునుండి రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది, పండ్రెండవ ఇండ్లలో కుజుడున్న దోషమందురు. అనగా పండ్రెండిండ్లలో అయిదు చెడ్డవి, ఏడు మంచివి. కొందఱు చంద్రునినుండియు, శుక్రునినుండియు కూడ చూడవలెనందురు. మూడు విధముల చూచిన లెక్క యిది: పండ్రెండును మూడుమాఱులు హెచ్చింపగా 1,728, ఏడును మూడుమాఱులు హెచ్చింపగా 343. మిగిలిన 1,385 మందికి ఏదో యొకచోట దోషమున్నట్లే. నూటికి ఎనుబది! లోకమంతయు దోషమే యైనప్పుడు శాస్త్రమునకు మినహాయింపులు వెదకవలసి వచ్చెను. ఆ మినహాయింపులు ఎవరికి దొరకును? పలుకుబడి కలవారికి దొరకును. నేను వెదకి పెట్టినవాడనే.

మా చెల్లెలి జాతకమున కుజుడు ఏడవ ఇంట, కళత్రస్థానమున, ఉండెను. మూడు సంబంధములు వచ్చి తిరిగిపోయినవి. అప్పటికి నేను జాతకములు వ్రాయుట మొదలుపెట్టి నాలుగైదేండ్లయినది. ఆ జాతకమునకు ఆధారమేమని వెదకితిని. చెల్లెలు పుట్టిననాటికి మా యింట గడియారము లేదు. మదనపల్లెనుండి వచ్చు సాయంకాలపు బస్సు వచ్చిపోయిన కొంతసేపటికి శిశువు పుట్టెనని మంత్రసాని చెప్పినదట. బస్సువేళ అయిదున్నర. కనుక మా తండ్రిగారు పంచాంగపుటంచున "5-40" అని వ్రాసికొనిరి. అంతే ఆధారము!

"నాయనా, ఆనాడు బస్సు వేళకు వచ్చినదా?" అంటిని.

"అది ఏనాడు వేళకు వచ్చినది గనుక?" అనిరి.

నేను బస్సును ఒక గంట ఆలస్యముగా రప్పించితిని. లగ్నము మాఱినది. కుజుడు ఆరవ ఇంటికి పోయెను. దోషము తొలగినది. క్రొత్త కాగితము మీద, పసుపు పూసి, చక్కని వ్రాతతో వ్రాసితిని. వివాహమైనది. మా బావగారు నేటికిని నిక్షేపముగా ఉన్నారు. టమోటా మార్కెట్టులో ఆయన గొంతు మీరందఱు వినియే యుందురు. నేను అబద్ధము వ్రాసితినో, తప్పును దిద్దితినో నాకు ఈనాటికిని తెలియదు.

ఇంతవఱకైన ఇది నవ్వుకొను కథ. రెండేండ్లకు పొరుగూరి రైతు ఒకరు తన కుమార్తె జాతకము వ్రాయించుకొనుటకు వచ్చిరి. ఆమె ఆసుపత్రిలో పుట్టినది. వేళ కాగితముమీద ఉన్నది. కుజుడు ఎనిమిదవ ఇంట. దోషమున్నదని నేను మొగమాటము లేక వ్రాసి, పదునొకండు రూపాయలు పుచ్చుకొంటిని. కొంచెము వేళ మార్చుమని ఎవరో చెప్పిరట. ఆయన "ఉన్నదున్నట్లు ఉండనీండి" అనిరి. ధర్మాత్ముడు. నేనును ఊరకుంటిని. నా చెల్లెలికి కదలిన నా కలము ఆ బిడ్డకు కదలలేదు. వచ్చిన సంబంధములన్నియు ఆ కాగితము చూచి వెనుకకు మరలినవి. ఆమె చదువుకొన్నది, పనిచేసినది, తల్లిదండ్రులను చూచుకొన్నది. పెండ్లి కాకుండుట ఒక లోపమని నేననుట లేదు. అయితే ఆమె దానిని కోరుకొనలేదు. పతిగండమున్న పిల్ల యని పేరంటములకు పిలుచుటయు మానిరి. ఆ మాట నా చేతివ్రాతతో పుట్టినది.

2014 సెప్టెంబరు 24న మన దేశము పంపిన మంగళయానము కుజుని కక్ష్యలో ప్రవేశించినది. అంతకుముందటి యేడు నవంబరు 5వ తేదీన శ్రీహరికోటనుండి అది బయలుదేరినది, ఆనాడు మంగళవారము! క్రొత్తపని మొదలుపెట్టరాదని మనము చెప్పుకొను వారము. భూమియు కుజుడును ఉన్న తావులను బట్టి ప్రయాణపు గడువు నిర్ణయమైనదేగాని దుర్ముహూర్తమును బట్టి కాదు. ఆ వార్త పత్రికలో వచ్చిన దినమున ఆ రైతు నా కచ్చేరికి పాసుపుస్తకము పనిమీద వచ్చిరి. పత్రిక నా బల్లమీద నున్నది. చాలసేపు బొమ్మను చూచి, "కుజుని కాడికి మనోళ్లు పోయినారంట గదయ్యా. మా పాపమీద ఆయనకేమి కోపమో కనుక్కోనొస్తారేమో" అనిరి. పరిహాసముగా అనలేదు. ఆ సాయంకాలము నేను జాతకచక్రములు గీయు రూళ్లకఱ్ఱను పెట్టెలో పెట్టితిని.

కుజుడు మనమీద ఏమి చేయగలడో నేను నాకు తెలిసిన లెక్కతో చూచితిని. 2003 ఆగస్టు 27న కుజుడు భూమికి సుమారు 5 కోట్ల 58 లక్షల కిలోమీటర్ల చేరువకు వచ్చెను. సుమారు అఱువదివేల యేండ్లలో అంత చేరువకు వచ్చుట అదే మొదలట. ఆ దినములలో మబ్బులు విడిచిన యొక రాత్రి నేను హార్స్లీ కొండ యెక్కితిని. మన పెద్దలు ఏనుగు మల్లమ్మ కొండ యనెడిది. నిప్పుకణికవలె వెలుగుచుండెను. అంత చేరువనున్నను శిశువుపై కుజుని ఆకర్షణకంటె, మూరెడు దూరమున కూర్చున్న అఱువది కిలోల మంత్రసాని ఆకర్షణయే అధికము. గురునియెడ ఈ లెక్క చెల్లదని ఒప్పుకొనవలెను. ఆయన భారీ శరీరుడు, మంత్రసానిని మించును. అయితే ఆయన తల్లిని, బిడ్డను, మంచమును, భూమిని సమానముగనే లాగును. ఒక్క బిడ్డకు ప్రత్యేకము చేయునదేమియు లేదు. ఆ ఆగస్టు నెలలో మా గ్రామపు మరణముల రిజిస్టరులో విశేషమేమియు లేదు.

అట్లని గ్రహములకును మనకును సంబంధము లేదని నేననను. ఎంత సంబంధమున్నదో చదివినకొలది ఆశ్చర్యము కలుగును. కుజుడు ఎఱ్ఱగా నుండుట తుప్పుపట్టిన ఇనుము వలన. మన చేల ఎఱ్ఱమన్నుకు ఆ రంగు ఇనుము వలననే. మన నెత్తురును ఎఱ్ఱగా చేయునదియు ఇనుమే. ఆ యినుమంతయు సూర్యుడు పుట్టకమునుపే గతించిన నక్షత్రముల కడుపున వండబడినది. ఆ ధూళినుండియే సుమారు 450 కోట్ల యేండ్ల క్రిందట సూర్యుడును, భూమియు, కుజుడును ఒక్క పురిటిలో కలిగినారు. మన పెద్దలు కుజుని భూమిపుత్రుడనిరి, రక్తకారకుడనిరి. కొడుకు కాదు, తోబుట్టువు. అంతమాత్రపు తేడాతో వారి కల్పన యెంత చక్కనిది! తోబుట్టువును మనము ఆడపిల్లలకు పగవానిని చేసితిమి.

సూర్యుని మాట చెప్పనే అక్కఱలేదు. క్షణమునకు సుమారు అఱువదికోట్ల టన్నుల హైడ్రోజనును హీలియముగా మార్చుచు వెలుగుచున్నాడు. ఆ వెలుగు మనలను చేరుటకు ఇరువదియొక్క విఘడియ పట్టును. మన రాగిసంకటిలోని బలము ఆ వెలుగే. వేరుసెనగ గింజలోని నూనె ఆ వెలుగే. ఏ లగ్నమున పుట్టినవానికైనను అది సమానముగనే అందును. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటనుండి ఆ సూర్యుని చూచుటకే ఆదిత్య-ఎల్1 బయలుదేరి, నాలుగు నెలలకు పదునైదు లక్షల కిలోమీటర్ల దూరమున తన చోటు చేరినది. గుంటూరున జాన్సెన్ గ్రహణమునాడు చూచిన సూర్యుని అంచును అది గ్రహణముతో పనిలేకయే చూచుచున్నది. కుప్పము దాటి, వాణియంబాడి మీదుగా పోయిన జవ్వాది కొండలలో కావలూరు వేధశాల యున్నది. 1977 మార్చి 10న యురేనసు గ్రహమునకు వలయములున్నవని తెలియుటకు తోడ్పడిన పరిశీలనలు అచ్చట కూడ జరిగినవి. ఆ గ్రహము మన నవగ్రహములలో లేనే లేదు. మన పాఠశాల పిల్లలను ఒకమాఱు అచ్చటికి తీసికొనిపోవలెనని పాలకవర్గమువారికి మనవి. బస్సుకు నేను చందా యిత్తును; వేళకు వచ్చు బస్సును మాట్లాడవలెను.

మా పితామహుల పుస్తకములన్నియు నేడు గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. సూర్యసిద్ధాంతమును, పావులూరి మల్లన గణితమును గణితపు బీరువాలో నుంచుడు. బృహజ్జాతకమును తీసివేయవలదు, అది చరిత్ర బీరువాలో నుండదగినది. వీనితో నా జాతకముల నకళ్ల పుస్తకమొకటి యున్నది. అందు మీలో చాలమంది బిడ్డల పేర్లున్నవి. దానిని ఎవరికిని ఎరవీయవలదని కార్యదర్శిగారిని కోరుచున్నాను. ఆ రైతు కుమార్తె యొక్క పుటను మాత్రము నేను చించి, నిన్న వారి యింటికి పోయి ఆమె చేతికిచ్చి వచ్చితిని. ఆమె చదివి, మడచి, పొయ్యి దగ్గఱ పెట్టుకొని, నాకు మజ్జిగ తెచ్చియిచ్చినది.