కిర్రు ఎక్కడిది?

(సంఘ వార్షిక సమావేశంలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)

కార్యదర్శిగారు నన్ను ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. సభలో డాక్టర్లుండగా నేను ఆరోగ్యం చెప్పడం బాగుండదు. నాకు తెలిసింది సైకిలు. అది తొక్కుతుంటే చేసే చప్పుళ్ళ గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

1974లో అప్పటి తంతి తపాలా శాఖలో లైన్‌మన్‌గా చేరాను. స్తంభాల వెంట సైకిలు మీద పోయి, లైనులో దోషం ఎక్కడుందో పట్టుకోవడం మా పని. ముప్ఫై కిలోమీటర్ల లైనులో ప్రతి స్తంభమూ ఎక్కి చూడలేం కదా. మధ్యలో ఒకచోట తీగ విడదీసి, దోషం ఇటుందా అటుందా అని పరీక్షించేవాళ్ళం. ఇటు బాగుందని తేలితే మళ్ళీ ఇటువైపు చూసేదే లేదు. మిగిలిన సగాన్ని మళ్ళీ రెండు చేసేవాళ్ళం. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

రెండేళ్ళ క్రితం నా సైకిలు కిర్రుమనడం మొదలుపెట్టింది. చదును రోడ్డు మీద ఏమీ లేదు. కాలువ వంతెన ఎక్కేటప్పుడు మాత్రం కుడికాలు నొక్కినప్పుడల్లా ఒక కిర్రు. కింద, పెడలు దగ్గరే పుడుతున్నట్టు స్పష్టంగా వినిపించేది. షాపుకి తీసుకెళ్తే మెకానిక్కు కుర్రాడు స్టాండు వేసి, పెడలు చేత్తో తిప్పి, "ఏం లేదు బాబాయిగారూ" అన్నాడు. నిజమే, బరువు పడితే గాని అది పలకదు.

మా అబ్బాయికి మంచి సాకు దొరికింది. "అదీ రిటైరైంది నాన్నా, పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం" అన్నాడు. డెబ్భై దాటినవాడి చేతిలోంచి సైకిలు తీసేస్తే, మందుబిళ్ళ కావాలన్నా ఇంకొకరి తీరిక చూసుకోవాలి. ఆ బాధ ఈ సభలో వివరించనక్కర్లేదు.

పంతం పట్టి కాటర్ పిన్ను మార్పించాను. కిర్రు పోలేదు. పెడళ్ళు మార్పించాను. పోలేదు. తర్వాత చైను, ఆ తర్వాత మధ్య ఇరుసు, దాని గోళీలు. జేబు ఖాళీ అయింది గాని కిర్రు చెక్కుచెదరలేదు. అప్పుడు నాకే సిగ్గేసింది. నలభై ఏళ్ళు లైన్లు పరీక్షించినవాణ్ణి, ఒక్క పరీక్షా చేయకుండా స్తంభాలన్నీ పీకించుకుంటూ పోయాను!

మొదటి పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. కాస్త వేగం మీద ఉన్నప్పుడు తొక్కడం ఆపి, సైకిలును దాని మానాన పోనివ్వండి. చప్పుడు ఇంకా ఉంటే చక్రాలు, మడ్‌గార్డులు, క్యారియరు చూసుకోండి. ఆగిపోతే పెడళ్ళ వైపు చూడండి. రెండోది లెక్క. నా సైకిలుకు పెడలు దగ్గరి చక్రానికి 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకు 18. అంటే పెడలు ఒక చుట్టు తిరిగేసరికి బండి చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. చప్పుడు ఆ లెక్కన వస్తే వదులైన పుల్లో, ఉబ్బిన టైరో అయివుంటుంది. చైనులో 112 లింకులు. ఒక లింకు బిగుసుకుంటే, పెడలు రెండున్నర చుట్లు తిరిగితేగాని అది మళ్ళీ అదే చోటికి రాదు. ఇదంతా చెవితో లెక్కపెట్టాలి గాని, తొక్కుతూ కిందకు వంగి చూడకూడదు. ఒకసారి వంగి చూసి ముళ్ళకంపలో పడ్డాను.

నాది పెడలు చుట్టుకు ఒకసారే. కాబట్టి పెడలే అనుకున్నాను. అక్కడే మోసపోయాను. ఎక్కుడులో కుడికాలు బలంగా నొక్కినప్పుడు కుడిచెయ్యి హ్యాండిలును పైకి లాగుతుంది, నడుం కింద సీటు కూడా కదులుతుంది. ఆ మూడూ ఒకే తాళం మీద నడుస్తాయి. పైగా ఇనుప గొట్టాల్లో చప్పుడు పాకుతుంది, ఒకచోట పుట్టి మరోచోట వినిపిస్తుంది.

ఒక ఆదివారం తెల్లవారుజామున, వంతెన మీద ఎవరూ లేనప్పుడు వెళ్ళాను. సీటు మీంచి లేచి నిలబడి తొక్కాను. కిర్రుమంది. సీటు నిర్దోషి. రెండోసారి కూర్చునే ఎక్కాను గాని, హ్యాండిలును లాగకుండా వేళ్ళు ఊరికే ఆనించి ఉంచాను. నిశ్శబ్దం! దిగి, ముందుచక్రాన్ని మోకాళ్ళ మధ్య నొక్కిపట్టి హ్యాండిలును అటూ ఇటూ లాగాను. కిర్రు, కిర్రు.

షాపులో హ్యాండిలు ఊడదీశాం. వంపు గొట్టం నిలువు గొట్టానికి అతికే చోట, తుప్పు కింద, వెంట్రుకంత బీట. తుడిచి చూస్తే గొట్టం చుట్టూ దాదాపు సగం దూరం పోయింది. కుర్రాడు మాట్లాడలేదు. వంతెన దిగేటప్పుడు నా బరువంతా ఆ హ్యాండిలు మీదే, వెనక లారీలు. నేను మార్పించినవన్నీ నిక్షేపంలాంటి సామాన్లని అప్పుడు తెలిసింది.

ఇంకొక్క సంగతి. వయసుతో ముందు సన్నని చప్పుళ్ళు వినబడటం తగ్గుతుంది. బ్రేకు కీచుమంటోందని మా మనవరాలు చెప్పేదాకా నాకు తెలియదు. బండి బాగానే ఉందని మన చెవిని నమ్మి ఊరుకోకుండా, ఒక పిల్లనో పిల్లాణ్ణో పక్కన నడిపించుకుంటూ తొక్కి చూడండి. వాళ్ళకూ సరదాగా ఉంటుంది.

ఆ బీట చూశాక మా అబ్బాయి సైకిలు అమ్మేయమని మరింత గట్టిగా పట్టుబట్టాడు. నేను కొత్త హ్యాండిలు వేయించాను. వ్యవహారం ప్రస్తుతానికి అక్కడుంది.

అన్నట్టు, హాలు బయట వేపచెట్టు కింద పచ్చరంగు సైకిలొకటి ఉంది. ఎవరిదో తెలియదు. దాని ముందు మడ్‌గార్డు ఊచకు బోల్టు లేదు, ఊచ కొస చక్రం పుల్లలకు అంగుళం దూరంలో వేలాడుతోంది. అది లోపలికి పోతే చక్రం అక్కడికక్కడే పట్టేస్తుంది. వెళ్ళేటప్పుడు ఎక్కకండి, నడిపించుకుపొండి. సందు మలుపులో షాపు తెరిచే ఉంది, ఇప్పుడే చూసి వచ్చాను.