కొత్త కంప్యూటరులో పాత సొరంగం

ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేసుకునే సౌకర్యం ఈనాడు ఎన్నో కుటుంబాలకు అనుభవంలోకి వచ్చింది. దీనికి ఆధారమైనది వి.పి.ఎన్. అనే ఏర్పాటు. నలుగురూ నడిచే ఇంటర్నెట్ బాటలోనే, పరుల కంటపడకుండా, మన కంప్యూటరుకూ ఆఫీసుకూ నడుమ తవ్వుకున్న సొరంగం వంటిది అది. అయితే, ఆపరేటింగ్ సిస్టం మార్చిన మర్నాడు ఈ సొరంగం మూసుకుపోవడం కద్దు. పాస్‌వర్డు సరిగానే ఉంటుంది, ఇంటర్నెట్ వస్తూనే ఉంటుంది, ఆఫీసు మాత్రం అందదు. ఎందువల్ల?

సాధారణమైన ప్రోగ్రాములు ఆపరేటింగ్ సిస్టం మీద ఆనుకొని పనిచేస్తాయి. వి.పి.ఎన్. క్లయింట్లు పెక్కు అలా కాదు. అవి తమ డ్రైవరును సిస్టం గర్భంలోనే నిలిపి, లేని నెట్‌వర్క్ కార్డును ఉన్నట్టుగా చూపిస్తాయి. అందుచేత సిస్టం లోపలి కట్టడం మారితే, మొదటి దెబ్బ తగిలేది వాటికే.

సిస్కో కంపెనీవారి పాత క్లయింటు సంగతే చూద్దాం. దాన్ని విరమిస్తున్నట్టు కంపెనీవారు 2011లోనే ప్రకటించి, 2014 జూలైలో మద్దతు నిలిపివేశారు. 2012లో వెలువడిన విండోస్ 8లో దాన్ని వాడబోయిన చాలామందికి 442 అనే దోషసంఖ్య ఎదురైంది. వర్చువల్ అడాప్టరు పనిచేయడం లేదని దాని తాత్పర్యం. పరిశీలించగా, సిస్టం తన వివరాలు వ్రాసుకునే రిజిస్ట్రీలో ఆ అడాప్టరు పేరుకు ముందు అదనపు అక్షరాలు చేరి ఉన్నవని తేలింది. వాటిని తీసివేస్తే దారి తెరుచుకునేది. 2015లో విండోస్ 10 వచ్చేసరికి ఈ చిట్కా ఒక్కటే చాలలేదు.

లక్షణం ఒకటే అయినా కారణం ప్రతిసారీ ఇదే కానక్కరలేదు. 2016లో ఆపిల్ కంపెనీవారు మ్యాక్‌ఓఎస్ సియెరా నుంచి పి.పి.టి.పి. అనే పాత పద్ధతిని, భద్రత చాలదని, బుద్ధిపూర్వకంగానే తొలగించారు. అక్కడ మారవలసినది ఆఫీసువారి ఏర్పాటు. 2022 జనవరిలో విండోస్‌కు వచ్చిన ఒక అప్‌డేటు వల్ల ఎల్.2.టి.పి. పద్ధతిలో నడిచే సొరంగాలు కొన్ని తెగిపోయాయి. వారం తిరగకుండానే మైక్రోసాఫ్ట్‌వారు దిద్దుబాటు విడుదల చేశారు. అక్కడ చేయవలసినది ఆ దిద్దుబాటును వేసుకోవడమే.

కాబట్టి చికిత్సకు ముందు నిదానం అవసరం. తెరమీద కనిపించిన దోషసంఖ్యను, సిస్టం వెర్షనును, క్లయింటు వెర్షనును కాగితంమీద వ్రాసుకుని ఆఫీసులోని సాంకేతిక సిబ్బందికి తెలియజేయాలి. కొత్త సిస్టానికి తగిన క్లయింటును వారినుంచే తీసుకోవాలి. పాతదాన్ని పూర్తిగా తొలగించి, కంప్యూటరును ఒకసారి ఆపి తిరిగి నడిపి, ఆ తరువాతనే కొత్తది ఎక్కించాలి. మ్యాక్ కంప్యూటరైతే, సెట్టింగులలో అనుమతి అడుగుతున్నదేమో చూడాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. తొందరలో ఎవరో తెలియనివారు సవరించి పెట్టిన క్లయింటును తెచ్చుకోవడం, డ్రైవరు సంతకాన్ని పరీక్షించే కాపలాను ఆపివేయడం ఎంతమాత్రం తగదు. ఆ సొరంగపు అవతలి కొసన మన పని ఒక్కటే లేదు. సహోద్యోగుల జీతాల లెక్కలు, ఆసుపత్రి అయితే రోగుల వివరాలు ఉంటాయి. ఒక పూట పని ఆగితే మరునాడు పూర్తి చేసుకోవచ్చు. పరుల చేత పడిన రహస్యాన్ని తిరిగి రహస్యం చేయడం ఎవరి తరమూ కాదు.